తాకట్టు నుంచి విడుదల: సూర్యాపేట ప్రాంతంలో అప్పు, పొదుపు, ముందస్తు చెల్లింపుల చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• నిజాం పాలన కాలంలో నల్లగొండ జిల్లా పల్లెల్లో ఉన్న అప్పు రూపాలను వివరించగలుగుతారు.
• రైతు అప్పుకు కారణం దుబారాయేనన్న వాదనను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• వాయిదాల పద్ధతి ఎలా వచ్చిందో, అందులో అసలు, వడ్డీ ఎలా విడిపోతాయో లెక్క కట్టి చూపగలుగుతారు.
• అప్పును గడువుకు ముందే తీర్చే హక్కు ఏ క్రమంలో వచ్చిందో చెప్పగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద సూర్యాపేట దాటగానే చివ్వెంల మండలం మొదలవుతుంది. రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర జరిగే దురాజ్‌పల్లి ఈ మండలంలోదే. సూర్యాపేట చుట్టుపక్కల ఈ దారి పొడవునా ఇప్పుడు స్లాబు ఇళ్లు కనిపిస్తాయి. టీచరు, కండక్టరు, కానిస్టేబులు, చిన్న వ్యాపారి నెలనెలా వాయిదా కడుతూ నిలబెట్టుకున్న ఇళ్లు వాటిలో ఉన్నాయి. ఇంట్లో కాపురం ఉన్నా ఆ ఇంటి దస్తావేజు మాత్రం బ్యాంకులో ఉంటుంది.

రెండు మూడు తరాల వెనక్కి వెళితే ఇదే ప్రాంతంలో రైతు కాగితం దొర గడీలోనో, షావుకారు పెట్టెలోనో ఉండేది. రెండు కాలాల్లోనూ అప్పు తీసుకున్నవాడి ప్రశ్న ఒక్కటే: నా కాగితం నా చేతికి ఎప్పుడు వస్తుంది? ఈ భాగంలో మనం ఆ ప్రశ్నను పట్టుకొని చరిత్రలో నడుద్దాం. ఇంటి అప్పును నాలుగు రూపాయలు ఎక్కువ కట్టి ముందే తీర్చేయడం మనకు ఇవాళ మామూలు విషయంగా తోస్తుంది. ఆ వెసులుబాటు అన్ని కాలాల్లోనూ లేదు. అది ఎలా వచ్చిందో తెలిస్తే దాని విలువ తెలుస్తుంది.

2. నిజాం పాలనలో పల్లె అప్పు

నిజాం కాలంలో చివ్వెంల ప్రాంతం నల్లగొండ జిల్లా సూర్యాపేట తాలూకాలో ఉండేది. చెరువు కింద, బావి కింద కొంత వరి. మిగిలింది చెలక భూమి. జొన్న, ఆముదం వంటి వాన పంటలు. ఒక్క ఏడు వాన తప్పితే తిండిగింజలకూ విత్తనాలకూ అప్పు చేయక తప్పేది కాదు. ఆ అప్పు మూడు రూపాల్లో దొరికేది.

2.1 నాగు

నాగు అంటే గింజల అప్పు. తొలకరిలో బస్తా తీసుకుంటే పంట చేతికొచ్చాక బస్తాన్నర కొలవాలి. వినడానికి ఇది చిన్న లెక్క. అయితే పంట పోయి కొలవలేకపోతే ఆ బస్తాన్నరే కొత్త అసలు అవుతుంది. మీరే లెక్క వేసి చూడండి: ఒక బస్తా మొదటి ఏటికి ఒకటిన్నర, రెండో ఏటికి రెండుంబావు, మూడో ఏటికి దాదాపు మూడున్నర బస్తాలు. వరుసగా మూడేళ్లు కరువు వస్తే బస్తా గింజలకు భూమి చేతులు మారే స్థితి వస్తుంది.

2.2 భోగబంధకం

భూమిని అప్పిచ్చినవాడికి స్వాధీనం చేసి, దాని ఫలసాయాన్ని వడ్డీ కింద అనుభవించనివ్వడం భోగబంధకం. దీనినే స్వాధీన తాకట్టు అంటారు. తెలంగాణ మాటలో కుదువ పెట్టడం. ఇందులో అప్పిచ్చినవాడు ఏటేటా పంట తీసుకుంటాడు. ఆ పంటంతా మిత్తి కిందికే పోతే అసలు ఒక్క పైసా తగ్గదు. ఇరవై ఏళ్ల తరువాత భూమి విడిపించుకోవాలన్నా మొదట తీసుకున్న మొత్తాన్ని ఒకేసారి తెచ్చి పెట్టాలి. భూమి చేతిలో లేని రైతుకు ఆ మొత్తం ఎక్కడి నుంచి వస్తుంది? ఇలాంటి తాకట్టులో కొద్దికొద్దిగా కట్టి బయటపడే దారి సాధారణంగా ఉండదు.

2.3 భగేలా

తాకట్టు పెట్టడానికి భూమి కూడా లేనివాడు తన ఒంటి కష్టాన్నే తాకట్టు పెట్టేవాడు. పెళ్లికో చావుకో తీసుకున్న చిన్న మొత్తానికి దొర ఇంట్లో జీతగాడిగా కుదిరేవాడు. ఇదే భగేలా పద్ధతి. అప్పు తీరిందో లేదో చెప్పేది దొర లెక్కే. తండ్రి అప్పు కొడుకు మెడకు చుట్టుకోవడం కూడా ఉండేది. దీనిని నియంత్రించడానికి హైదరాబాదు ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల చట్టం తెచ్చింది. గ్రామంలో పోలీసు, పట్వారీ, దొర ఒకే పక్షాన ఉన్నచోట ఆ చట్టం కాగితం దాటి ఎక్కువ దూరం రాలేదు.

ఈ మూడు రూపాల్లోనూ ఉమ్మడిగా ఉన్న లక్షణాన్ని గమనించండి. అప్పు తీరడం అప్పిచ్చినవాడికి లాభం కాదు. అతడికి కావలసింది అసలు కాదు. గింజ, భూమి, మనిషి. లెక్క పుస్తకం కూడా అతడి చేతిలోనే ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
భోగబంధకంలో అసలు ఎందుకు తగ్గదు? మూడు వాక్యాల్లో రాయండి.

3. రైతు అప్పుకు కారణం దుబారాయా?

వలస పాలన నాటి అధికారుల్లో చాలామంది రైతు అప్పుకు పెళ్లి ఖర్చులనూ పండుగ ఖర్చులనూ కారణంగా చూపారు. రైతు పొదుపు నేర్చుకుంటే అప్పు ఉండదన్నది వారి సలహా. ఈ వాదనను 19వ శతాబ్దంలోనే ఒక ఘటన పరీక్షకు పెట్టింది. 1875 మే నెలలో బొంబాయి ప్రెసిడెన్సీలోని పూనా జిల్లా సూపే గ్రామంలో మొదలై, పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు వడ్డీ వ్యాపారుల ఇళ్ల మీద పడ్డారు. వారు ముఖ్యంగా వెతికింది డబ్బు కాదు, అప్పు పత్రాలు. వాటిని వీధిలో వేసి తగలబెట్టారు. విచారణకు నియమించిన సంఘం పెళ్లి ఖర్చులకు అనవసరమైన ప్రాధాన్యం ఇస్తున్నారని అభిప్రాయపడింది. శిస్తు భారం, పత్తి ధర పడిపోవడం, కోర్టులు వ్యాపారి పక్షాన పనిచేయడం వంటి కారణాలు బయటికి వచ్చాయి. 1879లో దక్కన్ వ్యవసాయదారుల ఉపశమన చట్టం వచ్చింది.

తెలంగాణలోనూ 1929 తరువాతి ప్రపంచ ఆర్థిక మాంద్యం ఇదే పాఠం చెప్పింది. పంట ధరలు పడిపోయాయి. శిస్తు, అప్పు మాత్రం పాత అంకెల్లోనే నిలిచాయి. అదే అప్పు తీర్చడానికి రైతు మునుపటి కంటే ఎన్నో ఎక్కువ బస్తాలు అమ్మాల్సి వచ్చింది. ఎంత పొదుపుగా బతికినా ఆ తేడా పూడదు.

కాబట్టి చరిత్ర విద్యార్థిగా మీరు రెండు తప్పులకు దూరంగా ఉండాలి. అప్పుల పాలైన ప్రతివాడూ దుబారా మనిషి అనుకోవడం మొదటిది. పొదుపుకు ఏ శక్తీ లేదనుకోవడం రెండోది. పొదుపు చేసిన రూపాయి అసలులోంచి తగ్గే ఏర్పాటు ఉన్నప్పుడే దానికి శక్తి వస్తుంది. అటువంటి ఏర్పాటు ఎలా వచ్చిందో ఇప్పుడు చూద్దాం.

4. పత్రాలు కాల్చిన కాలం, చట్టాలు చేసిన కాలం

ఫసలీ 1349, అంటే 1939-40 ప్రాంతంలో హైదరాబాదు ప్రభుత్వం వడ్డీ వ్యాపారుల చట్టాన్నీ, అప్పుల రాజీ చట్టాన్నీ చేసింది. పల్లెలో మార్పు తెచ్చింది మాత్రం ప్రజల కదలికే. 1930లో జోగిపేటలో మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ, 1944 భువనగిరి సభ నాటికి వెట్టిచాకిరీ, అక్రమ బేదఖళ్లు, నాగుల గురించి మాట్లాడే రైతు సంస్థగా మారింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం తరువాత పోరాటం సాయుధ రూపం తీసుకుంది. నల్లగొండ జిల్లాలో సూర్యాపేట తాలూకా దాని ముఖ్య కేంద్రాల్లో ఒకటి. భూముల పంపకంతో పాటు దొరల, షావుకార్ల వద్ద ఉన్న అప్పు పత్రాలను తగలబెట్టడం కూడా ఆ పోరాటంలో భాగమైంది. డెబ్బై ఏళ్ల తేడాతో పూనా రైతు, నల్లగొండ రైతు ఒకే పని చేశారు. తీర్చి విడిపించుకునే దారి మూసుకుపోయినప్పుడు కాగితాన్ని కాల్చడమే విడుదలైంది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా పరిస్థితి వెంటనే మారలేదు. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ రుణ సర్వే ప్రకారం రైతుల అప్పులో దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారుల నుంచే వచ్చింది. సహకార సంఘాల వాటా సుమారు 3 శాతం. వాణిజ్య బ్యాంకులది ఒక్క శాతం కూడా లేదు. 1969 జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ జరిగింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1977లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ రుణగ్రస్తుల ఉపశమన చట్టం వచ్చాయి. పాత అప్పును రద్దు చేయడం ఒక ఎత్తు, కొత్త అప్పును న్యాయమైన లెక్కతో ఇవ్వడం మరొక ఎత్తు. రెండో పని బ్యాంకుల మీద పడింది.

5. వాయిదాల పద్ధతి పుట్టుక

ఇంటి కోసం అప్పును వాయిదాల్లో తీర్చడం ఎక్కడ మొదలైంది? 1775లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రిచర్డ్ కెట్లీ అనే సత్రం యజమాని ఆధ్వర్యంలో ఒక గృహ నిర్మాణ సంఘం ఏర్పడింది. సభ్యులు నెలనెలా డబ్బు వేసుకొని, వంతులవారీగా ఇల్లు కట్టుకునేవారు. అందరి ఇళ్లూ పూర్తయ్యాక అటువంటి సంఘాలు మూతపడేవి. మన ఊళ్లలోని చిట్టీ పద్ధతికి ఇది దగ్గరి చుట్టం.

అమెరికాలో 1930ల వరకు ఇంటి అప్పు చాలావరకు మూడు నుంచి ఐదేళ్ల గడువుతో ఉండేది. గడువు వరకు వడ్డీ కట్టి, చివర అసలు మొత్తం ఒకేసారి ఇవ్వాలి లేదా అప్పును తిరగరాయించుకోవాలి. మాంద్యంలో తిరగరాసేవారు లేక లక్షల కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాయి. 1933లో ఏర్పడిన గృహ యజమానుల రుణ సంస్థ, 1934లో వచ్చిన సమాఖ్య గృహ పరిపాలన సంస్థ దీర్ఘకాలిక సమాన వాయిదాల పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాయి. ప్రతి వాయిదాలోనూ వడ్డీతో పాటు కొంత అసలు కూడా తీరడం ఇందులోని ప్రధాన సూత్రం. మన భోగబంధకంలో లేనిది ఇదే.

భారతదేశంలో 1970లో హడ్కో, 1977లో హెచ్.టి. పరేఖ్ చొరవతో హెచ్‌డీఎఫ్‌సీ, 1988లో జాతీయ గృహ బ్యాంకు ఏర్పడ్డాయి. 1990ల తరువాత వాణిజ్య బ్యాంకులు ఈ రంగంలోకి పెద్ద ఎత్తున వచ్చాయి. నెలసరి సమాన వాయిదా, అంటే ఈఎంఐ, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల్లోనూ ఇంటి మాట అయింది.

6. ఈఎంఐ లోపల ఏముంది?

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. చివ్వెంల మండలంలో పనిచేసే ఒక ఉపాధ్యాయురాలు 20 లక్షల రూపాయల ఇంటి అప్పు తీసుకున్నారు. వడ్డీ ఏడాదికి 9 శాతం, గడువు 20 ఏళ్లు. మన పాత లెక్కలో ఇది నూటికి నెలకు ముప్పావలా వడ్డీ. వడ్డీ రేటు మారదని అనుకుంటే నెల వాయిదా సుమారు 17,995 రూపాయలు.

మొదటి నెల వాయిదాలో వడ్డీ 15,000 రూపాయలు. అసలులో తగ్గేది 2,995 మాత్రమే. పదేళ్లు తప్పకుండా కట్టిన తరువాత కూడా బాకీ సుమారు 14.2 లక్షలు ఉంటుంది. సగం కాలం గడిచినా అసలులో మూడో వంతు కూడా తీరదు. వాయిదాలో అసలు వాటా వడ్డీ వాటాను దాటడానికి 12 ఏళ్లకు పైగా పడుతుంది. ఇరవై ఏళ్లలో ఆమె కట్టే మొత్తం సుమారు 43.2 లక్షలు, అందులో వడ్డీ 23.2 లక్షలు.

ఇప్పుడు ఆమె మొదటి నెల నుంచే వాయిదాకు అదనంగా 3,000 రూపాయలు కట్టారనుకోండి. ఆ మూడు వేలు పూర్తిగా అసలులోంచే తగ్గుతాయి. తగ్గిన అసలు మీద మరుసటి నెల వడ్డీ తగ్గుతుంది. నాగు అప్పులో బస్తాను మూడున్నర బస్తాలు చేసిన చక్రవడ్డీ, ఇక్కడ అప్పు తీసుకున్నవారి వైపు తిరుగుతుంది. అప్పు 20 ఏళ్లకు బదులు 14 ఏళ్లలో తీరుతుంది. అదనంగా కట్టింది సుమారు 5 లక్షలు. తగ్గిన వడ్డీ సుమారు 8 లక్షలు.

అదే మూడు వేలు పదేళ్ల తరువాత మొదలుపెడితే? గడువు దాదాపు రెండేళ్లే తగ్గుతుంది, వడ్డీ సుమారు 1.7 లక్షలు మాత్రమే మిగులుతుంది. ముందస్తు చెల్లింపులో మొత్తం ఎంత ముఖ్యమో కాలం కూడా అంతే ముఖ్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
నాగు అప్పు, ఈఎంఐ రెండింటిలోనూ చక్రవడ్డీ పనిచేసే తీరును పోల్చండి.

7. ముందే తీర్చే హక్కు

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 60వ సెక్షన్ తాకట్టు పెట్టినవారికి విడుదల హక్కు ఇచ్చింది. అప్పు తీర్చినవారికి ఆస్తినీ పత్రాలనూ తిరిగి ఇవ్వాల్సిందే. ఆ హక్కును హరించే షరతు ఒప్పందంలో ఉన్నా చెల్లదు. అయితే ఒక మెలిక ఉంది. ఈ హక్కు పుట్టేది అసలు చెల్లించాల్సిన గడువు వచ్చిన తరువాత. గడువుకు ముందే తీర్చడం ఒప్పందం మీద ఆధారపడేది.

1990లలో ఇంటి అప్పు తీసుకున్న నా తరం ఉద్యోగులకు ఈ మెలిక బాగా తెలుసు. పదవీకాలంలో వచ్చిన బకాయి వేతనంతో నా అప్పులో మిగిలిన భాగం తీర్చేద్దామని వెళితే, ముందే కడుతున్నందుకు మిగిలిన అసలు మీద 2 శాతం రుసుము అడిగారు. సంతకం పెట్టిన కాగితంలో ఆ షరతు ఉంది, నేను చదవలేదు. చరిత్ర బోధించే మనిషిని నా సొంత దస్తావేజును చదవకపోవడం ఇప్పటికీ గుర్తొస్తుంది.

2010లో జాతీయ గృహ బ్యాంకు గృహ రుణ సంస్థల విషయంలో, 2012 జూన్ 5న రిజర్వు బ్యాంకు వాణిజ్య బ్యాంకుల విషయంలో ఇటువంటి రుసుములపై ఆంక్షలు తెచ్చాయి. మారే వడ్డీ రేటు మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందే తీరిస్తే బ్యాంకులు రుసుము వసూలు చేయరాదన్నది 2012 ఆదేశం.

మారే వడ్డీకి మరో ముఖం కూడా ఉంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది. వాయిదా మొత్తం మార్చకుండా గడువు పెంచడంతో చాలామంది అప్పు చడీచప్పుడు లేకుండా ఏళ్ల తరబడి పొడుగైంది. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, వాయిదా పెంచుకోవాలో గడువు పెంచుకోవాలో ఎంచుకునే వీలు, కొంతగానీ మొత్తంగానీ ముందే తీర్చే వీలు అప్పు తీసుకున్నవారికి ఇవ్వాలని ఆదేశించింది. ఆ మరుసటి నెలలో వచ్చిన ఇంకొక ఆదేశం ప్రకారం, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. రుణ సంస్థ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం చెల్లించాలి. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. గడీలోని పెట్టెను తగలబెట్టి సాధించుకున్న విడుదల, చట్టబద్ధమైన గడువుగా మారడానికి పట్టిన కాలం ఇది.

8. పొదుపు: ఎవరిది, ఎవరి ఖర్చుతో?

మన ప్రాంతంలో పొదుపుకు సొంత చరిత్ర ఉంది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథ రెడ్డి నాయకత్వంలో ముల్కనూరులో ఏర్పడిన సహకార గ్రామీణ బ్యాంకు, లెక్క పుస్తకం సభ్యుల చేతిలో ఉంటే అప్పు ఎలా తీరుతుందో చూపింది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. దాని వెంట వచ్చిన ‘పొదుపు లక్ష్మి’ కింద మహిళలు రోజుకు రూపాయి చొప్పున దాచారు. సారాకు పోయే రూపాయి అసలులోకి మళ్లింది. 2004లో ‘పావలా వడ్డీ’ పథకం మహిళా సంఘాలకు ఏడాదికి 3 శాతం భారంతో అప్పు అందేలా చేసింది. మరోవైపు సూక్ష్మరుణ సంస్థల వారం వారం వసూళ్ల ఒత్తిడి ఆత్మహత్యల దాకా వెళ్లడంతో 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పొదుపు పేరుతో వచ్చిన ప్రతిదీ పొదుపు కాదని ఇది చూపింది.

మన ఉదాహరణలోని ఉపాధ్యాయురాలి మూడు వేలకు తిరిగి వద్దాం. అవి ఎక్కడి నుంచి వస్తాయి? కొత్త ఫోను వాయిదా వేస్తే, పెళ్లి కానుకలకు హద్దు పెట్టుకుంటే, పండుగకు అప్పు చేయకుండా ఉంటే రావచ్చు. పిల్లల చదువు, ఇంటి ఆడవారి వైద్యం, వృద్ధుల మందులు తగ్గించి తెస్తే అది పొదుపు కాదు. అప్పును ఒకరి ఒంటి మీది నుంచి మరొకరి ఒంటి మీదికి మార్చడం. భగేలా పద్ధతి గురించి చదివిన మనం ఈ తేడాను గుర్తించాలి.

మరో రెండు జాగ్రత్తలు. ఇంట్లో నూటికి రెండు రూపాయల మిత్తి, అంటే ఏడాదికి 24 శాతం చేబదులు ఉండగా 9 శాతం బ్యాంకు అప్పును ముందే కట్టడం తప్పు లెక్క. పెద్ద వడ్డీని ముందు తీర్చాలి. అలాగే చేతిలో ఉన్నదంతా అప్పుకు కట్టి, ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు మళ్లీ షావుకారు దగ్గరికి పోతే పాత చక్రంలోకే తిరిగి వెళ్లినట్లు. కొన్ని నెలల ఖర్చు విడిగా ఉంచుకొని, మిగిలినదే అసలుకు కట్టాలి. కట్టిన ప్రతిసారీ అది అసలులో జమ అయిందో లేదో లెక్క అడిగి చూసుకోవాలి.

9. సారాంశం

నాగు, భోగబంధకం, భగేలా పద్ధతుల్లో అప్పు తీరే దారి దాదాపు మూసి ఉండేది. అందుకే రైతు పోరాటాలు పత్రాలను కాల్చాయి. చట్టాలు, బ్యాంకుల విస్తరణ, వాయిదాల పద్ధతి ఆ దారిని తెరిచాయి. 2010 తరువాతి ఆదేశాలు గడువుకు ముందే తీర్చే అవకాశాన్ని బలపరిచాయి. న్యాయమైన ఏర్పాటు ఉన్నచోట, తొందరగా మొదలుపెట్టిన చిన్న పొదుపు పెద్ద ఫలితం ఇస్తుంది. ఏర్పాటు అన్యాయమైనదైతే ఎంత పొదుపూ సరిపోదు.

ముఖ్య పదాలు

నాగు: పంటకు తిరిగి కొలిచే షరతుతో తీసుకునే గింజల అప్పు.
భోగబంధకం: వడ్డీకి బదులు ఫలసాయం అనుభవించే స్వాధీన తాకట్టు.
భగేలా: అప్పుకు బదులు ఒంటి చాకిరీ చేసే పద్ధతి.
విడుదల హక్కు: అప్పు తీర్చి తాకట్టు ఆస్తిని తిరిగి పొందే హక్కు.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. నిజాం పాలనలో నల్లగొండ జిల్లా గ్రామీణ రుణ పద్ధతులను వివరించండి.
2. రైతు అప్పుకు దుబారాయే కారణమన్న వాదనను 1875 దక్కన్ అల్లర్ల ఆధారంగా చర్చించండి.
3. విడుదల హక్కు 1882 నుంచి 2023 వరకు మారిన క్రమాన్ని రాయండి.
4. మీ ఇంట్లోనో ఇరుగుపొరుగులోనో ఒక పెద్దమనిషిని అడిగి, వారి కుటుంబం కుదువ పెట్టిన భూమినిగానీ ఇంటినిగానీ ఎలా విడిపించుకుందో ఒక పేజీ రాయండి. పేర్లు రాయవద్దు, వడ్డీ, గడువు, లెక్క ఎవరి దగ్గర ఉండేదన్న వివరాలు తప్పకుండా రాయండి.